చెరువు గట్టు మీద చలి

కృష్ణా డెల్టాను ఎవరూ చలి ప్రాంతమనరు. మచిలీపట్నంలో జనవరి కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 19, 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు దాన్ని చలి కింద లెక్కే వేయరు. అయితే ఆ అంకె వాతావరణ కేంద్రం ఆవరణలో, నీడపట్టున, గాలాడే తెల్ల పెట్టెలో పెట్టిన థర్మామీటరు చెప్పేది. గుడివాడ పక్కన నందివాడ చేపల చెరువుల గట్ల మీద, బందరుకు, అంటే మచిలీపట్నానికి, ఈశాన్యాన కృత్తివెన్ను రొయ్యల చెరువుల మధ్య, దివిసీమలో నాగాయలంక, కోడూరు దిగువన కాపలా కోసం వేసిన రేకుల షెడ్లలో పడుకునేవాళ్ల చలి ఆ పెట్టెలో నమోదు కాదు. నాలుగు వైపులా నీళ్లు, అడ్డుగా చెట్టన్నది లేని గట్టు, రాత్రంతా తగిలే తడిగాలి. పైన ఉన్న ఇనపరేకు మబ్బులేని రాత్రి తన వేడినంతా ఆకాశంలోకి వదిలేసి, చుట్టూ ఉన్న గాలికంటే కూడా చల్లబడిపోతుంది. లోపల మనుషుల ఊపిరిలోని చెమ్మ ఆ రేకు అడుగున చేరి, తెల్లవారుజామున బొట్లుబొట్లుగా పక్కల మీద పడుతుంది. తాటాకు కప్పు కింద ఇలా జరగదు. ధనుర్మాసం మొదలైన దగ్గర్నుంచి సంక్రాంతి దాటేదాకా ఆ షెడ్డులో ఉండే ముసలివాళ్లకు, బాలింతకు, పసిగుడ్డుకు వెచ్చదనం సౌఖ్యం కాదు, అవసరం. కాపలా పనిలో ఉన్నవాళ్లలో యానాది కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒంటరి మగవాళ్లే కాకుండా కాన్పులూ పసిపిల్లలూ ఉన్న సంసారాలు కూడా ఆ పదడుగుల గదుల్లోనే గడుస్తున్నాయి.

ఈ వెచ్చదనం ఇన్నాళ్లూ నిప్పులోంచి వచ్చింది. బాలింత మంచం కింద కుంపటి పెట్టడం, సాంబ్రాణి పొగ వేయడం మనకు తరాలుగా ఉన్న అలవాటు. పాతకాలపు తాటాకింట్లో చూరుకీ గోడకీ మధ్య జానెడు సందు ఉండేది. పొగ, దానితోపాటు కంటికి కనిపించని కార్బన్ మోనాక్సైడు అందులోంచి పోయేవి. రేకుల షెడ్డులో చలికి భయపడి సందులన్నీ గోనెలతో, ఫ్లెక్సీ గుడ్డతో మూసేస్తారు. పొగ లేని ఎర్రటి బొగ్గు నిప్పు చూడటానికి నిరపాయంగా ఉంటుంది గానీ, ఈ వాయువు దాన్నుంచే ఎక్కువగా వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉన్న మనిషికి నిద్ర మరింత ముంచుకొస్తున్నట్టే తెలుస్తుంది తప్ప ఊపిరాడటం లేదని తెలియదు. ఉత్తర భారతంలో ప్రతి శీతాకాలం తలుపులు మూసిన గదుల్లో అంగీఠీ, అంటే బొగ్గుల కుంపటి, పెట్టుకుని పడుకున్న కుటుంబాలు తెల్లారేసరికి లేవకపోవడం ఈ కారణంగానే. స్నానాల గదిలో గాలి దారి లేకుండా బిగించే గ్యాస్ గీజరుతో ఉన్న ముప్పు కూడా ఇదే. మూసిన చిన్న గదిలో మనిషి పడుకునే చోట వేడి కావాలంటే అది మంట లేని వేడి కావాలి. ఆ పని చేయగలిగేది కరెంటు. ఈ విషయంలో నాకు సందేహం లేదు. హీటర్ కొనాలా వద్దా అన్నది నా దృష్టిలో చిన్న ప్రశ్న. ఆ హీటర్‌కు కరెంటు ఎక్కడి నుంచి, ఏ తీగ మీద, ఏ రక్షణతో వస్తోందన్నది పెద్ద ప్రశ్న. డెల్టాలో చిన్న ఇళ్లవాళ్లు హీటర్ కంటే ముందు తీగను, ఎర్త్‌ను, లీకేజీ పట్టే స్విచ్చును కొనుక్కోవాలి. ఇక్కడి ఉప్పుగాలి, తడినేల, రేకుల గోడలు కలిసి ఆ అవసరాన్ని మిగతా చోట్ల కంటే ఎన్నో రెట్లు పెంచుతున్నాయి.

ఇలాంటి ఇల్లే అమెరికాలో ఒకటుంది. అక్కడ స్థిరపడిన మనవాళ్లలో కొందరు సెలవుల్లో అద్దెకు తీసుకునే మోటార్‌హోమ్, అంటే చక్రాల మీద నడిచే ఇల్లు. దానికీ మన కాపలా షెడ్డుకూ ఖరీదులో పోలికే లేదు. కరెంటు కంటితో చూస్తే మాత్రం రెండూ అన్నదమ్ములు. మన షెడ్డుకు గోడలూ కప్పూ లోహమే, దానికి చట్రమంతా లోహమే. రెండింటికీ సొంత కనెక్షన్ లేదు, బయట ఎక్కడో ఉన్న పెట్టెలోంచి ఒకే ఒక తీగ లాక్కుని అన్నీ దాని మీదే నడపాలి. అక్కడ బస చేసే మైదానాల్లో సాధారణంగా దొరికేది 120 వోల్టుల దగ్గర 30 యాంపియర్లు, అంటే మొత్తం 3,600 వాట్లు. ఒక్క 1,500 వాట్ల హీటరే అందులో పన్నెండున్నర యాంపియర్లు తాగేస్తుంది. రెండో హీటర్ పెట్టాక మైక్రోవేవ్ నొక్కితే అంతా ఆరిపోతుంది. అక్కడివాళ్లూ గ్యాస్ హీటర్‌ను వదిలి కరెంటు హీటర్‌ను ఎంచుకునే కారణాల్లో మూసిన గదిలో ఊపిరి భయం ఒకటి. వాళ్లు తరచూ ఎదుర్కొనే ఇంకో ప్రమాదం, ఎర్త్ సరిగా లేక వాహనం ఒళ్లంతా షాక్ కొట్టడం. తడి గడ్డి మీద నిలబడి తలుపు పిడి పట్టుకున్న మనిషిలోంచి కరెంటు నేలకు దిగుతుంది. మన షెడ్డు తలుపు కూడా రేకే, గడప బయట నేల కూడా తడే. తేడా అల్లా, అక్కడ ఆ పెట్టెలో కరెంటు మోతాదు దాటితే ఆపే బ్రేకరు వాహనం తీగకు సరిపడా కొలిచి పెట్టి ఉంటుంది. ఇక్కడ చెరువు గట్టున అలా కొలిచి పెట్టినవాళ్లు లేరు.

చెరువు దగ్గర నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు తిప్పడానికి త్రీఫేజ్ కనెక్షన్ ఉంటుంది. దాని పెట్టెలో ఫ్యూజులు మోటార్లకు సరిపోయేంత పెద్దవి. మోటారు మొదట తిరగడం మొదలుపెట్టినప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది గనక అవి పెద్దవిగానే ఉండాలి. ఆ పెట్టెలోంచి ఒక ఫేజు, ఒక న్యూట్రల్ లాగి, సన్నటి తీగతో కాపలా షెడ్డుకు లైటు ఇస్తారు. లైటుకూ ఫోను చార్జింగుకూ ఆ తీగ చాలు. దానికే చలికాలంలో హీటర్ తగిలిస్తే కథ మారుతుంది. ఫ్యూజు ఉన్నది తీగను కాపాడటానికి. మోటారుకు పెట్టిన పెద్ద ఫ్యూజు సన్న తీగను కాపాడలేదు, ఫ్యూజు కాలేలోపల తీగే కాలిపోతుంది. ఊళ్లో ఇళ్లలోనూ ఇదే తప్పు ఇంకో రూపంలో ఉంది. కటౌటులో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని దాని స్థానంలో లావుపాటి రాగి తీగ రెండు పేటలుగా మెలేసి బిగించడం ఎక్కడైనా కనిపిస్తుంది. అలా చేసిన రోజున ఆ ఇంటి కాపలాదారుని పని మాన్పించినట్టే.

తీగ లెక్క ఒకసారి చూద్దాం. దుకాణంలో 1 ఎంఎం అని ఇచ్చే రాగి వైరు, అంటే 1 చదరపు మిల్లీమీటరు మందం ఉన్నది, కిలోమీటరుకు 18 ఓముల నిరోధం చూపిస్తుంది. పెట్టె నుంచి షెడ్డుకు 100 మీటర్లుంటే వెళ్లడానికీ రావడానికీ 200 మీటర్లు, మొత్తం 3.6 ఓములు. షెడ్డులో 1,000 వాట్ల గది హీటరూ 1,500 వాట్ల నీళ్ల హీటరూ ఒకేసారి వేస్తే సుమారు 9 యాంపియర్లు నడుస్తాయి. 230 వోల్టుల్లో 33 వోల్టులు దారిలోనే పోతాయి, 300 వాట్లకు పైగా వేడి తీగలోనే పుడుతుంది. షెడ్డు వెలిగే వేళ గట్టు వెంట తీగ కూడా హీటరే అవుతోందన్నమాట. గాలాడేచోట అది చల్లారిపోతుంది. మిగిలిన 20 మీటర్ల జంట తీగను చుట్ట చుట్టి గోడకు తగిలించారనుకోండి, ఒక 60 వాట్ల బల్బు ఇచ్చేంత వేడి ఆ చుట్టలో బందీ అయి ప్లాస్టిక్ తొడుగును మెత్తబరుస్తుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుందన్న నియమాన్ని జౌల్ 1841లోనే చెప్పాడు. అందుకే లైటుకు ఏళ్ల తరబడి సరిపోయిన తీగ హీటర్‌కు ఒక్క రాత్రి కూడా సరిపోకపోవచ్చు. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే ఆ నష్టం సగానికంటే తగ్గుతుంది. దూరం ఎక్కువైతే 4 వేయాలి. హీటర్లు రెండూ ఒకేసారి వేయకుండా ఉండటం మాత్రం పైసా ఖర్చు లేని పని.

ఇక ఉప్పు. బందరు గాలిలో ఉప్పు ఉందని ఆ ఊరివాళ్లకు చెప్పాల్సిన పని లేదు. రోల్డుగోల్డు నగలకు పేరు పడ్డ చిలకలపూడి ఆ ఊళ్లోదే. రాగి, ఇత్తడి ఈ గాలికి ఎంత తొందరగా రంగు మారుతాయో ఆ పనివాళ్ల కంటే బాగా తెలిసినవాళ్లు ఉండరు. గోడ మీది సాకెట్‌లో ఉండేదీ ఇత్తడే. దానికి పచ్చటి చిలుము పట్టిందంటే ప్లగ్గు పిన్నుకూ సాకెట్‌కూ మధ్య కరెంటు దారి ఇరుకైపోయిందని అర్థం. అక్కడ 0.2 ఓముల నిరోధం చేరినా చాలు, 1,500 వాట్ల హీటర్ తాలూకు ఆరున్నర యాంపియర్లు పోతున్నప్పుడు ఎనిమిదిన్నర వాట్ల వేడి చిటికెన వేలి గోరంత చోట పుడుతుంది. ఆ వేడికి స్ప్రింగు సడలుతుంది, సడలేకొద్దీ నిరోధం పెరుగుతుంది, పెరిగేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. తెల్ల ప్లగ్గు గోధుమరంగుకు తిరగడం, కాలిన వాసన, హీటర్ తీశాక పిన్నులు చేతికి చురుక్కుమనడం దాని ఆనవాళ్లు. ఏ ఫ్యూజూ, ఏ బ్రేకరూ దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే కరెంటు మోతాదు మించడం లేదు. హీటర్‌ను జంక్షన్ బాక్సుకు తగిలించకూడదని, గోడకున్న 16 యాంపియర్ల పవర్ సాకెట్‌కే నేరుగా తగిలించాలని చెప్పేది ఇందుకే. సన్నపిన్నుల 6 యాంపియర్ల సాకెట్‌లో కన్వర్టర్ ప్లగ్గు పెట్టి హీటర్ వేయడం మన ఇళ్లలో మామూలైపోయింది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఇంట్లో దాన్ని మానుకోవడం మరీ ముఖ్యం. సాకెట్‌ను కూడా అరిగిపోయే వస్తువు కింద లెక్కేసి కొన్నేళ్లకోసారి మార్చాలి.

నిప్పు కంటే దగ్గరగా ఉన్న ముప్పు షాక్. మనిషి ఒంటి నిరోధం, చర్మం తడిగా ఉన్నప్పుడు, ఇంచుమించు 1,000 ఓములు. 230 వోల్టుల తీగ తగిలితే ఒంట్లోంచి పోయేది 0.23 యాంపియర్, అంటే 230 మిల్లీ యాంపియర్లు. గుండె లయ తప్పడానికి అంత అక్కర్లేదు. బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ డాల్‌జీల్ స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్ల మీద పరీక్షలు చేసి, చేతిలోని తీగను మనిషి తనంతట తాను వదిలించుకోగలిగే హద్దు ఎంతో కొలిచాడు. మగవాళ్లలో సగటున 16 మిల్లీ యాంపియర్లు, ఆడవాళ్లలో పదిన్నర. అంతకు మించితే కండరాలు బిగుసుకుపోయి చేయి వదలదు. కరెంటు పట్టేసిందని మనవాళ్లు అనే మాటలో ఒక్క అక్షరం కూడా అతిశయోక్తి లేదు. ఇప్పుడు ఈ అంకెను ఇంటి ఫ్యూజు పక్కన పెట్టి చూడండి. 16 యాంపియర్ల బ్రేకరు పడిపోవాలంటే 16 యాంపియర్లు దాటాలి. మనిషిని చంపేది దానిలో డెబ్బయ్యో వంతు. అంటే ఇంట్లో మనిషి షాక్ తగిలి ప్రాణాలు వదులుతున్నా ఫ్యూజుకు ఆ సంగతి తెలియదు. అది తీగల కోసం పెట్టింది, మనుషుల కోసం పెట్టింది కాదు.

ఎర్త్ ఉంది కదా అంటారు. ఎర్త్ కావాల్సిందే, కానీ అదొక్కటీ ఇక్కడ చాలదు. గట్టు మీద ఒక ఇనపకడ్డీ పాతి ఎర్త్ అన్నారనుకోండి, దాని నిరోధం 20 ఓములు ఉందనుకుందాం. హీటర్ లోపల ఫేజు తీగ ఊడి రేకుకు తగిలితే ఆ కడ్డీలోంచి నేలకు పోయేది 230ని 20తో భాగిస్తే వచ్చే పదకొండున్నర యాంపియర్లు. 16 యాంపియర్ల బ్రేకరు కదలదు. కరెంటు అలా నేలలోకి పోతూనే ఉంటుంది, షెడ్డు గోడలన్నీ దాదాపు నిండు వోల్టేజీతో నిలబడే ఉంటాయి. డెల్టాలో ఉప్పునేల ఒక మేలూ ఒక కీడూ చేస్తుంది. తడి, ఉప్పు ఉండటంతో అది కరెంటును బాగా లాక్కుంటుంది, అందువల్ల కొత్త ఎర్త్ మంచి ఫలితమే చూపిస్తుంది. అదే ఉప్పు కొన్నేళ్లకు ఆ కడ్డీని, దానికి బిగించిన బోల్టును తినేస్తుంది, పైకి మాత్రం అంతా ఉన్నట్టే కనిపిస్తుంది. ఈ చిక్కుకు ఉన్న జవాబు ఆర్‌సీసీబీ అనే స్విచ్చు. దాన్ని అమెరికా పద్ధతిలో 1961లో రూపొందించినవాడు కూడా ఆ డాల్‌జీలే. ఫేజులో వెళ్లిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా లేదా అని అది ఎప్పుడూ తూకం వేస్తూ ఉంటుంది. 30 మిల్లీ యాంపియర్ల తేడా వచ్చిందంటే ఎక్కడో దారి తప్పి నేలకు పోతోందని గ్రహించి రెప్పపాటులో ఆపేస్తుంది. ఎర్త్ 20 ఓములకు బదులు 500 ఓములకు చెడిపోయినా సరే, అప్పుడు కారేది 460 మిల్లీ యాంపియర్లు, ఆర్‌సీసీబీ పడిపోవడానికి అది ఎక్కువే. అసలు ఎర్త్ లేకపోయినా అది పని చేస్తుంది, కాకపోతే మనిషి తగిలాక పని చేస్తుంది. ఎర్త్ ఉంటే మనిషి తగలకముందే. ఒక్క సందర్భంలో మాత్రం అది సాయపడలేదు. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుని కాలు నేలకు తగలకుండా ఉంటే ఆ మనిషికీ హీటర్‌కూ తేడా దానికి తెలియదు.

నీళ్ల హీటర్ దగ్గర ఇదంతా కళ్లకు కడుతుంది. డెల్టాలో గది హీటర్ కొన్నవాళ్లు తక్కువ. బకెట్లో వేసే హీటర్ కడ్డీ మాత్రం గుడివాడలో అద్దె గదుల నుంచి హంసలదీవి దాకా ఇంటింటా ఉంది. దివిసీమలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పన. ఆ నీళ్లలో రోజూ మునిగే కడ్డీకి తెల్లటి పెచ్చు కడుతుంది, పెచ్చు కింద వేడి బయటికి పోలేక లోపలి తీగ అతిగా కాగుతుంది, పై గొట్టం ఎక్కడో సన్నగా పగులుతుంది. కంటికి ఆనని ఆ పగులులోంచి కరెంటు నీళ్లలోకి దిగుతుంది. వేడి చూద్దామని స్విచ్చు ఆపకుండా వేలు ముంచిన మనిషికి, చెప్పులు లేకుండా తడి గచ్చు మీద నిలబడి ఉండగా, అది తగులుతుంది. ఐఎస్ఐ గుర్తు ఉన్న కడ్డీలకు ఐఎస్ 368 అనే ప్రమాణం ఉంది, ఆ గుర్తు లేకుండా అమ్మకూడదని 2003 నాటి కేంద్ర ఉత్తర్వు చెప్పింది. సంతలో చవకగా దొరికే, రెండే పిన్నులున్న కడ్డీ ఇంట్లోకి రాకూడదు. మూడో పిన్ను ఎర్త్ కోసం. సాకెట్‌లో పట్టడం లేదని దాన్ని కోసేయడం ప్రాణాన్ని కోసేయడమే. కడ్డీ నీళ్లలో ఉన్నాకే స్విచ్చు వేయాలి. ఆపి, ప్లగ్గు తీశాకే బకెట్‌ను ముట్టుకోవాలి. పిల్లలున్న ఇంట్లో బకెట్ నేల మీద కాకుండా ఎత్తు మీద, తలుపు వేసి ఉంచిన చోట ఉండాలి.

గది హీటర్ ఎంత మేలు చేస్తుందో కూడా నిజాయితీగా చూడాలి. పదడుగులకు పన్నెండడుగుల షెడ్డు, ఎనిమిదడుగుల ఎత్తు అనుకుంటే కప్పూ గోడలూ కలిపి దాదాపు 44 చదరపు మీటర్ల రేకు. పలచటి రేకు ఒక్కో చదరపు మీటరుకు ఒక్కో డిగ్రీ తేడాకు 6 వాట్ల చొప్పున వేడిని బయటికి పంపేస్తుంది. లోపలి గాలిని 5 డిగ్రీలు పెంచి నిలపాలంటే 1,300 వాట్లు రాత్రంతా పోయాలి, సందుల్లోంచి పోయేది అదనం. 1,000 వాట్ల హీటర్ 8 గంటలు నడిస్తే 8 యూనిట్లు, నెలకు 240. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన గృహ స్లాబుల ప్రకారం, అప్పటికే 75 యూనిట్లు వాడే ఇంటికి ఆ 240 యూనిట్లు 1,600 రూపాయలకు పైగా అదనపు బిల్లు తెస్తాయి, మిగతా చార్జీలు కాకుండా. అంత పోసినా చెరువు గట్టున ఉన్న రేకు వేడెక్కేది ఎక్కువ, లోపలి మనుషులు వేడెక్కేది తక్కువ. కప్పు అడుగున కొబ్బరాకు దడో, థర్మాకోలు పలకో, కనీసం గోనెపట్టా పొరో కడితే హీటర్ పని సగం తగ్గుతుంది, పైనుంచి బొట్లు పడటం కూడా ఆగుతుంది. అయితే అవన్నీ అంటుకునేవే. హీటర్‌ను వాటికీ, పక్కలకీ, ఆరేసిన బట్టలకీ మూడడుగుల దూరంలో ఉంచాలి. గాలిని వేడి చేయడం కంటే మనిషిని వేడి చేయడం తేలిక. పడుకునే ముందు ఒక గంట హీటర్, తర్వాత బొంత. పసిబిడ్డ విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇంకా సులువైనది: పుట్టిన మొదటి రోజు స్నానం వాయిదా వేయడం, బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి ఒంటికి ఒళ్లు తగిలేలా ఉంచడం. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు ఇదే పెద్ద మందు. 1970ల చివర్లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన ఈ పద్ధతి ఇప్పుడు మన ప్రభుత్వాసుపత్రుల్లోనూ ఉంది. తల్లి ఒళ్లు ఉండగా రాత్రంతా హీటర్ నడపాల్సిన పని చాలా ఇళ్లలో ఉండదు.

నీళ్ల లెక్క వేరు. 20 లీటర్ల బకెట్‌ను 22 డిగ్రీల నుంచి 40కి తేవడానికి నష్టాలతో కలిపి అర యూనిట్ చాలు. నలుగురున్న ఇంటికి నెలకు 60 యూనిట్లు, యూనిట్ 6 రూపాయల స్లాబులో 360 రూపాయలు. అదే పని వంటగ్యాస్‌తో చేస్తే సిలిండర్‌లో దాదాపు సగం పోతుంది, సిలిండర్ 900 అనుకుంటే 400 పైన. సరుగుడు పుల్లలు, తాటిమట్టలు డబ్బు లేకుండా దొరికేచోట బయట పొయ్యి మీద కాచుకోవడమే చవక, అది ఆరుబయట ఉన్నంతవరకు మంచిదే కూడా. కాబట్టి కట్టెపొయ్యి ఉన్నవాళ్లు దాన్ని వదిలేయాలని నేననడం లేదు. దాన్ని చలిరాత్రి గదిలోకి తేవద్దంటున్నాను.

దీని మీద వినిపించే అభ్యంతరాల్లో మొదటిది, ఏళ్ల తరబడి ఇలాగే వాడుతున్నాం, ఏమీ కాలేదు కదా అన్నది. చిలుము పట్టిన సాకెట్, పెచ్చు కట్టిన కడ్డీ, తుప్పు తిన్న ఎర్త్ ఇవన్నీ కాలంతో పెరిగేవి. ఏమీ కాని ఏళ్లు గడిచేకొద్దీ ముప్పు తగ్గదు, దగ్గరవుతుంది. రెండోది, ఆర్‌సీసీబీ వానాకాలంలో ఊరికే పడిపోతుంది, దానితో విసిగిపోయి తీసేశాం అనేది. చాలాసార్లు అది ఊరికే పడదు. చెమ్మపట్టిన వైరింగ్‌లో ఎక్కడో కారుతోందని చెబుతోంది. ఇల్లంతటికీ ఒకటే పెట్టకుండా హీటర్లు, స్నానాల గది, బయటి మోటారు ఒక దాని మీద, లైట్లు ఫ్యాన్లు ఇంకోదాని మీద విడదీస్తే ఏది కారుతోందో తేలుతుంది, ఇల్లు చీకటి కాదు. డెల్టాలో ఇది ఇంకా అవసరం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద దిగువకు వచ్చి లంకలు మునిగినప్పుడు తడిసిన బోర్డులు పైకి ఆరిపోయాయి. లోపల బురదా ఉప్పూ మిగిలితే ఆ చెమ్మ పూర్తిగా పోదు. మునిగిన సాకెట్‌ను ఎండబెట్టి వాడటం కాదు, మార్చాలి. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమలో నీళ్లు మళ్లీ వస్తాయని తెలిసే బోర్డులు నడుం ఎత్తుకు పైన బిగించుకోవడం మేలు.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. రెండు వేల రూపాయల స్విచ్చు, ఎర్త్ గొయ్యి, మందపాటి తీగ, ఇవన్నీ కాపలా మనిషి ఎలా కొంటాడు? కొనలేడు, కొననక్కర్లేదు కూడా. ఆ షెడ్డు అతనిది కాదు, ఆ కనెక్షన్ అతనిది కాదు, లీజు ముగిస్తే అతను ఇంకో గట్టుకు పోతాడు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 నాటి భద్రతా నిబంధనలు లీకేజీ రక్షణను తప్పనిసరి చేస్తూనే చిన్న లోడు కనెక్షన్లకు మినహాయింపు ఇచ్చాయి. ముప్పు ఎక్కువగా ఉన్నది ఆ చిన్న ఇళ్లలోనే గనక ఈ మినహాయింపు నాకు అన్యాయంగా కనిపిస్తుంది. అయినా చెరువు కనెక్షన్ చిన్నది కాదు, దాని మీద రొయ్యల ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఏరేటరు ఒక్క రాత్రి ఆగితే పంట పోతుందని స్టార్టర్లకూ కేబుళ్లకూ జనరేటరుకూ లక్షలు పెట్టే చెరువు యజమానే, లీజుదారే ఈ ఖర్చు కూడా పెట్టాలి. పని కూడా పెద్దది కాదు. షెడ్డు తీగ బయల్దేరే చోట దాని మందానికి తగ్గ చిన్న బ్రేకరు, దాని పక్కన 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ, షెడ్డు రేకులను కలుపుతూ ఎర్త్ కడ్డీ దాకా ఒక తీగ. ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని. ఆర్‌సీసీబీ మీద టీ అక్షరంతో ఉండే బొత్తాన్ని నెలకోసారి నొక్కి అది పడుతోందో లేదో చూడటం చదువు రాని మనిషి కూడా చేయగలడు. ధనుర్మాసం మొదలుకాకముందే చేయించాలి. గట్టు మీద ఏరేటరు స్టార్టరు పెట్టెలో ఆ రెండు పరికరాలకూ చోటుంది.